కోవిడ్ తగ్గింది కదా, వైరస్ జీనోమ్ చదివితే పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి మైక్రోబయాలజీతో డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. వైరస్‌లు ఎలా మారుతున్నాయో జీనోమ్ సీక్వెన్సింగ్‌తో (జన్యుక్రమం చదవడంతో) కనిపెట్టే పని చేస్తానంటోంది. మహమ్మారి పోయాక ఇంకా ఉద్యోగాలుంటాయా? ల్యాబ్ వైపు మేలా, కంప్యూటర్ మీద చేసే బయోఇన్ఫర్మాటిక్స్ మేలా? రాబోయే వేరియంట్‌ను ఏఐతో ముందే చెప్పడం ఆరు వారాల్లో నేర్పిస్తామని ఒక కోర్సు ప్రకటన చూశాను, చేర్పించమంటారా? అమ్మాయి లెక్కల్లో అంతంతమాత్రం. – ఒక తండ్రి

జవాబు: మీరు అడిగినవి మూడు నాలుగు ప్రశ్నలు, వాటి వెనక దిగులు మాత్రం ఒక్కటే. పిల్ల ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్నది రేపు ఎవరికీ అక్కర్లేకుండా పోతుందేమోనని. కోవిడ్ సద్దుమణిగినప్పటి నుంచి ఎంతోమంది తల్లిదండ్రులు ఇదే అడుగుతున్నారు. ముందు దాని సంగతి చూద్దాం.

ఈ పని కోవిడ్‌తో పుట్టలేదు, కోవిడ్‌తో పోదు. ఫ్లూ వైరస్‌ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ నిఘా 1952 నుంచి నడుస్తోంది. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి టీకాలో ఏ రకాలు ఉండాలో తేలుస్తారు, అందుకు ఆ వైరస్‌ల జన్యుక్రమాలు కావాలి. 2015లో గినియాలో ఎబోలా వ్యాపిస్తుండగానే అరచేతిలో ఇమిడే నానోపోర్ యంత్రాలతో అక్కడికక్కడే సీక్వెన్సింగ్ చేశారు. 2022లో లండన్, న్యూయార్క్ ప్రాంతాల మురుగునీటిలో పోలియో వైరస్ బయటపడినప్పుడు ఆ రెండింటికీ చుట్టరికం ఉందని తేల్చింది కూడా సీక్వెన్సింగే. క్షయ బ్యాక్టీరియాలో ఏ మార్పు ఉంటే ఏ మందు పనిచేయదో తెలిపే జాబితాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో విడుదల చేసింది. కోవిడ్‌లో నేర్చుకున్న చెయ్యి వీటన్నిటికీ పనికొస్తుంది.

తగ్గినవేమిటో కూడా చెప్పాలి. కోవిడ్ కోసం హడావిడిగా తీసుకున్న తాత్కాలిక పోస్టులు పోయాయి. ఈ రంగంలో తొలి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు కాంట్రాక్టులే. నిధులు ఆగితే పోస్టు ఆగుతుంది. మొదటి నాలుగైదేళ్లు ఈ అనిశ్చితి తప్పదని ఇంటిల్లిపాదీ తెలుసుకుని దిగాలి.

ఇక అసలు పని ఏమిటో చూడండి. కరోనా వైరస్ జీనోమ్‌లో, అంటే దాని మొత్తం జన్యు సమాచారంలో, 29,903 రసాయన అక్షరాలు. ముక్కు నుంచి తీసిన నమూనాలోంచి ఆర్‌ఎన్‌ఏ వేరుచేసి, డీఎన్‌ఏగా మార్చి, సుమారు 400 అక్షరాల ముక్కలుగా పీసీఆర్‌లో పెంచుతారు. ప్రతి ముక్క రెండు చివర్లా అతుక్కుని కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ తునకలను ప్రైమర్లంటారు. ఆర్టిక్ అనే ప్రైమర్ల సెట్టు మూడో వెర్షన్‌తో అయితే 98 ముక్కలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి. పక్కపక్క ముక్కలు ఒకే గొట్టంలో ఉంటే ప్రైమర్లు కలగాపులగమవుతాయి కాబట్టి బేసి సంఖ్యవి ఒక గొట్టంలో, సరి సంఖ్యవి ఇంకో గొట్టంలో చేస్తారు. నమూనా సీటీ విలువ (పరీక్షలో వైరస్ కనబడటానికి పట్టిన పీసీఆర్ చక్రాల సంఖ్య) 30 దాటితే వైరస్ పలచబడి జీనోమ్‌లో ఖాళీలు వస్తాయి. నెగటివ్ కంట్రోల్‌లో (వైరస్ లేకుండా పక్కన నడిపే పోలిక నమూనాలో) వైరస్ కనిపించిందంటే ఆ ప్లేటు మొత్తాన్నీ అనుమానించాల్సిందే. కలుషితమైన నమూనా రెండు వేరియంట్లు కలిసిపోయిన కొత్త వైరస్‌లా కనబడి మోసం చేస్తుంది.

ఒక్క ఉదాహరణ వివరంగా చెబుతాను, ఈ వృత్తి స్వభావమంతా ఇందులో ఉంది. 2021లో డెల్టా జీనోమ్‌లు చూస్తే, వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌లో 142వ స్థానంలో కొన్నింటికి మార్పు ఉంది, కొన్నింటికి లేదు. వైరస్ అక్కడ ముందుకీ వెనక్కీ మారుతోందని, దానికీ వైరస్ మోతాదుకీ సంబంధం ఉందని కూడా ఊహించారు. అదేమీ కాదని తర్వాత తేలింది. డెల్టాలో ఆరు అక్షరాలు ఊడిపోయాయి. సరిగ్గా 72వ ముక్క కుడి ప్రైమర్ అతుక్కోవాల్సింది అక్కడే. అది అతుక్కోక ఆ ముక్క సరిగ్గా పెరగలేదు. మరి 142వ స్థానం పాత అక్షరంతో ఎలా కనబడింది? ఆ చోటు 73వ ముక్క ఎడమ ప్రైమర్ కిందికి వస్తుంది. ప్రైమర్ మనం తయారు చేసి వేసింది, అందులో పాత వైరస్ అక్షరాలే ఉంటాయి. విశ్లేషణలో ప్రైమర్ భాగాన్ని కత్తిరించకపోతే మనం వేసిన అక్షరాలనే రోగిలోని వైరస్ అక్షరాలుగా చదువుకుంటాం. నిజానికి ఆ మార్పు డెల్టా వంశమంతటి లక్షణం.

ఇది కనిపెట్టాలంటే ల్యాబ్‌లో ఏ ప్రైమర్ వాడారో తెలిసినవాళ్లే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ల్యాబా, కంప్యూటరా అన్న మీ ప్రశ్నకు పోలికల పట్టిక ఇవ్వకపోవడానికి కారణం ఇదే. ల్యాబ్‌లో చేతివాటం, ఓపిక, ప్రతి గొట్టం మీద పేరు రాసే శ్రద్ధ కావాలి. కంప్యూటర్ వైపు లైనక్స్, పైథాన్, గణాంకాలు కావాలి. ఏదో ఒకటి ప్రధానంగా పెట్టుకుని రెండోది అర్థమయ్యేంత నేర్చుకుంటే చాలు. అమ్మాయి మైక్రోబయాలజీలో ఉంది కాబట్టి సగం దారిలో ఉన్నట్టే, కంగారు పడకండి.

ఏఐ కోర్సు విషయంలో నాకు గట్టి అనుమానాలున్నాయి. 2021 నవంబరులో అందరి కళ్లూ డెల్టా పిల్లల మీదే ఉన్నాయి. ఒమిక్రాన్ డెల్టా నుంచి రాలేదు. ఎప్పుడో విడిపోయి కనబడకుండా పెరిగిన వేరే కొమ్మ నుంచి, ఒక్క స్పైక్‌లోనే 30కి పైగా మార్పులతో వచ్చింది. దాన్ని పట్టుకున్నది దక్షిణాఫ్రికా, బోట్స్వానాల్లో రోజూ నమూనాలు చదువుతున్న ల్యాబులు. మోడళ్లు పనికిరావని నేననను, ప్రోటీన్ మార్పుల ప్రభావం అంచనా వేయడంలో మంచి పరిశోధన జరుగుతోంది. అయితే అవి నేర్చుకునే సమాచారం కొన్ని దేశాల నుంచి కుప్పలుగా, కొన్నింటి నుంచి చుక్కలుగా వచ్చింది. ఆ వంకర ఎక్కడుందో తెలియనివాళ్లకు మోడల్ ఏ జవాబిచ్చినా నిజంలాగే ఉంటుంది. వైరస్‌ల చుట్టరికం చూపే జన్యు వృక్షం చదవడం రాకముందే జోస్యం నేర్పిస్తామనే కోర్సుకు డబ్బు కట్టొద్దు.

ఒక మాట కటువుగా చెప్పాలి. ఆ కోర్సు కావాలని అమ్మాయి అడిగిందా, మీరే ప్రకటన చూసి అడుగుతున్నారా? లెక్కల్లో అంతంతమాత్రమని ముక్కూమొహం తెలియని నాకు రాశారంటే, ఇంట్లో ఆమె ముందు ఎన్నిసార్లు అని ఉంటారు? దయచేసి ఆ మాట ఆపండి. ఇక్కడ కావాల్సిన లెక్కలు సంభావ్యత, లాగరిథమ్‌లు, శాంప్లింగ్. అవసరం కళ్లముందు కనబడ్డాక ఇవి నేర్చుకునే పిల్లలే ఎక్కువ. పీజీకి కాలేజీ చూసేటప్పుడు ర్యాంకులకంటే ముందు ఇవి అడగండి: సీక్వెన్సర్ ఉందా, కిందటి నెల ఎన్ని రన్‌లు నడిచాయి, విద్యార్థులు చేతులు పెట్టి చేస్తారా, విశ్లేషణ అక్కడే చేస్తారా లేక బయటికి పంపి రిపోర్టు తెప్పించుకుంటారా.

ఇక నీకు, అమ్మా. ఈ పని నీకు నచ్చుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. ఇంత చిన్న జీనోమ్‌కి 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ చాలు, లైనక్స్ వేసుకో. ముడి సీక్వెన్సులు అందరికీ ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌ఏ ఆర్కైవ్‌లో ఆర్టిక్ మూడో వెర్షన్‌తో చేసిన 2021 నాటి డెల్టా నమూనా ఒకటి వెతికి ముడి ఫైళ్లు దించుకో. మినిమ్యాప్2 అనే ప్రోగ్రామ్‌తో రిఫరెన్స్ (పోలికకు వాడే తొలి కరోనా జీనోమ్) మీద పరిచి, సామ్‌టూల్స్‌తో వరుస పెట్టి, ఐవార్‌తో ప్రైమర్లు కత్తిరించి, లోతు (ఆ చోటును ఎన్నిసార్లు చదివారన్నది) 10కి తక్కువున్న చోట్ల ‘ఎన్’ (తెలియదు) వచ్చేలా కన్సెన్సస్, అంటే అన్నీ కలిపిన ఒకే క్రమం, తీయి. దాన్ని ఏ వేరియంటో, ఏ మార్పులున్నాయో చూపే నెక్స్ట్‌క్లేడ్‌లో వేసి చూడు. తర్వాత ప్రైమర్లు కత్తిరించకుండా మళ్లీ చేసి, పైన చెప్పిన 142వ స్థానానికి చెందిన 21,987వ అక్షరం దగ్గర రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడు. ఒక చోట ఇరుక్కోవచ్చు. ప్రైమర్లు ఎక్కడ అతుక్కుంటాయో చెప్పే బెడ్ ఫైలులో రిఫరెన్స్ పేరు ఎంఎన్908947.3 అని, నువ్వు దించుకున్న ఫైలులో ఎన్‌సీ_045512.2 అని ఉండవచ్చు. అక్షరాలు ఒకటే అయినా పేర్లు కలవకపోతే ప్రోగ్రామ్ ప్రైమర్లను గుర్తించకపోవచ్చు. కత్తిరించినవి సున్నా అని వస్తే ముందు ఆ పేర్లు సరిచేసి మళ్లీ నడుపు.