వీడియో గేముల్లో కార్డులు పెడితే ఆటంతా అదృష్టం మీద పడిపోదా? డిజైనర్లకు వాటి మీద అంత మోజు ఎందుకు?

పడిపోదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లు పేకాడే ఇంట్లో పుట్టలేదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

మాది పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట తెలుగు, పక్కనే పాతపట్నం. మావైపు పెళ్లంటే తెల్లవారుజాము ముహూర్తం దాకా మేడ మీద రమ్మీ నడవాల్సిందే. మా మేనమామ కూతురి పెళ్లిలో ఆ రాత్రి ఉన్నట్టుండి వాన పట్టుకుంది, ఆట చెదిరిపోయింది. మా అక్క కొడుకు ఓ మూల లాప్‌టాప్‌లో 'స్లే ద స్పైర్' అని, ముక్కలు వాడుతూ రాక్షసులతో పోరాడే వీడియో గేమ్ ఆడుకుంటున్నాడు. చేతులు ఖాళీ అయిన మావయ్య వెళ్లి వాడి పక్కన కూర్చున్నాడు. ఆయన చదివింది ఒరియా బడిలో. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు, అంతే.

"ఆ రాక్షసుడి నెత్తి మీద కత్తీ, అంకే ఏట్రా?"

"వాడు ఈసారి కొట్టబోయే దెబ్బ తాతా."

"ఎదుటోడి చెయ్యి ముందే చూపించేస్తన్నాడా? మంచోడే."

ఆ ఆటలో ఒక్కో వంతుకి ఐదు ముక్కలు వస్తాయి. వాటిని వాడటానికి మామూలుగా మూడు శక్తి పాయింట్లు ఉంటాయి. వాడినవీ మిగిలినవీ దాదాపు అన్నీ పడేసిన కట్టలోకి పోతాయి. ఎత్తుకునే కట్ట అయిపోగానే పడేసినవే మళ్లీ కలిసి వస్తాయి. పోరాటం గెలిచాక మూడు కొత్త ముక్కలు చూపించి ఒకటి తీసుకోమంటుంది, వద్దనుకుంటే వదిలేయొచ్చు. మావాడు ప్రతిసారీ ఒకటి తీసుకుంటూనే ఉన్నాడు. మావయ్య కాసేపు ఓర్చుకున్నాడు.

"అక్కర్లేని ముక్క ఎందుకు ఎత్తుతన్నావురా?"

"ఫ్రీగా ఇస్తున్నాడు తాతా."

"ఫ్రీ అయితే? నీకు కావాల్సిన ముక్క రావడం లేటవుద్ది కదా."

ఈ మాట ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఐరన్‌క్లాడ్ అనే యోధుడితో మొదలుపెడితే మొదటి కట్టలో 10 ముక్కలే ఉంటాయి, కాబట్టి రెండు వంతుల్లో కట్టంతా చేతికి వచ్చేస్తుంది. దాన్ని 30 చేసుకుంటే మంచి ముక్క కోసం ఆరు వంతుల దాకా కూర్చోవాలి. ఈలోపు రాక్షసుడు మన పని పడతాడు. కాసేపటికి అంగడి వచ్చింది. 75 బంగారు నాణేలిస్తే ఒక ముక్కను కట్టలోంచి శాశ్వతంగా తీసేస్తారని మావాడు చెప్పగానే మావయ్య పగలబడి నవ్వాడు. "డబ్బులిచ్చి మరీ ముక్క వదిలించుకోడమా! మనకీ ఆ సదుపాయం ఉంటే రమ్మీలో నన్నెవడు ఆపుతాడు?" ఆ తర్వాత మావాడి చేత ఏ కొత్త ముక్కా తీసుకోనివ్వలేదు. వాడికి ఏడుపొకటే తక్కువ.

పాచికలకీ పేకకీ తేడా ఇక్కడే ఉంది. పాచికకు గతం గుర్తుండదు. ఇప్పుడే ఆరు పడినా, మళ్లీ ఆరు పడే అవకాశం అంతే ఉంటుంది. కట్టలోంచి ఇస్పేటు రాజు పోయాడంటే మాత్రం మళ్లీ కలిపేదాకా రాడు. అంటే పడేసిన ముక్కలు గుర్తుంచుకున్నవాడికి రాబోయేవి సగం తెలిసినట్టే. 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అన్నప్పుడు చూపిన కారణాల్లో ఇదొకటి: ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి. ఆ కేసు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుది, అంటే మనవాళ్ల పుణ్యమే. డిజైనర్లు పేక వెంట పడేది ఈ గుణం కోసమే అని నా గట్టి నమ్మకం. బొమ్మలు అందంగా ఉంటాయని కాదు.

అందుకే ఫోన్ గేముల్లో 'కార్డు ప్యాక్' అని అమ్మేవాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అందులో కట్టా లేదు, కలపడమూ లేదు. లాటరీ టికెట్‌కి కార్డు బొమ్మ అంటించారు, అంతే. విచిత్రం ఏమిటంటే, 2024లో వచ్చిన 'బలాట్రో' అనే పేకముక్కల వీడియో గేములో అసలు డబ్బు పందెమే లేదు. అయినా పోకర్ అనే పేక జూదంలోని ముక్కల జట్లు కనబడ్డాయని యూరప్‌లో గేములకి వయసు రేటింగ్ ఇచ్చే సంస్థ పెగీ దానికి 18 ఏళ్లు పైబడినవాళ్లకే అని ముద్ర వేసింది. గొడవయ్యాక 2025లో 12కి దించింది. ముక్క కనబడితే జూదమేననే మన పెద్దల బుద్ధి అక్కడా ఉందన్నమాట.

డిజైన్ నేర్చుకునే కుర్రాళ్లు అమెరికా ఆటలతో పాటు గంజపా కూడా చూడాలంటాను. మావైపు పాతకాలంలో ఆడిన గుండ్రటి ముక్కలవి. ఎనిమిది రంగులు, రంగుకి 12, మొత్తం 96. రాజు, మంత్రి పోగా మిగతావి ఒకటి నుంచి పది వరకు. సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది! ఇంత చిన్న మెలికతో బుర్ర ఎంత వేడెక్కుతుందో ఒకసారి ఆడి చూడండి. ఇప్పుడు ఆడేవాళ్లు దాదాపు లేరు, గోడకి తగిలించుకోవడానికి కొంటున్నారు.

ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. ఈ ఆటల్లో ముక్క మీదే రూలంతా రాసి ఉంటుంది, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. నేను ఆడినవాటిలో తెలుగూ లేదు, ఒరియా కూడా లేదు. మావయ్య కత్తి బొమ్మ, పక్కన అంకె చూసి నెట్టుకొచ్చాడు గానీ, ముక్క మీద రాత చదవడానికి పక్కన మనవడు ఉండాల్సి వచ్చింది. ఆ మనవడేమో ఈమధ్య తాత కనబడితే లాప్‌టాప్ మూసేస్తున్నాడు.