కొత్త గ్యారేజీ గచ్చు: సీలర్ ఏదో పోతకు ముందే తేల్చుకోండి

కాంక్రీటు ఇంకా పోయలేదన్నారు, చాలా మంచిది. గచ్చు నునుపుగా ఉండాలా గరుకుగా ఉండాలా, పైన ఏ సీలర్ (నీళ్ళు, మరకలు గచ్చులోకి దిగకుండా వేసేది) వేయాలి అని విడివిడిగా అడిగారు గానీ ఈ రెండూ కలిపి తేల్చుకోవాల్సినవి.

ఎపాక్సీ (గచ్చు మీద గట్టి పొరగా నిలిచే రసాయన పూత) వేయించే ఉద్దేశం ఉంటే గచ్చును అద్దంలా రుద్దించకండి. స్టీలు తాపీతో గట్టిగా రుద్దితే పైపొర మూసుకుపోతుంది, దాని మీద ఎపాక్సీకి పట్టు దొరకదు. అప్పుడు డైమండ్ గ్రైండరుతో మళ్ళీ గీకించాలి. నునుపు చేయడానికి ఒక ఖర్చు, దాన్ని పోగొట్టడానికి ఇంకో ఖర్చు. నీళ్ళు కట్టే బదులు క్యూరింగ్ కాంపౌండు (కాంక్రీటులో తడి త్వరగా ఆరిపోకుండా పైన కొట్టే మందు) కొట్టేస్తామని పనివాళ్ళు అంటే, మీరు వేయబోయే సీలరుకి అది సరిపడుతుందో లేదో ముందే కనుక్కోండి. చాలా రకాలు పొరలా నిలిచిపోయి పైన వేసేదాన్ని అంటనివ్వవు, లోపలికి ఇంకనివ్వవు.

మేం ఎపాక్సీ వద్దనుకున్నాం. మా బంధువుల గ్యారేజీలో సరిగ్గా టైర్లు ఆగే చోటే పూత పెచ్చులుగా లేచింది. తిరిగొచ్చిన కారు టైర్ల వేడికి పూత మెత్తబడుతుంది, చల్లారేటప్పుడు టైరు దాన్ని పట్టుకుని లాగుతుంది. నేలను బాగా గీకి, మంచి రకం వేస్తే ఎపాక్సీ ఏళ్ళ తరబడి నిలుస్తుంది, నూనె మరకలు తుడిస్తే పోతాయి కూడా. గ్యారేజీని వర్క్‌షాపులా వాడేవాళ్ళకు నేనూ అదే చెబుతాను. కారు పెట్టుకోవడానికే అయితే అంత అవసరం లేదు.

మేం తాపీతో సాఫు చేయించి, పైన మెత్తటి బ్రష్షుతో సన్నగా గీతలు లాగించాం. తడి కాళ్ళతో నడిచినా జారదు, ఊడవడానికీ ఇబ్బంది లేదు. దాని మీద సిలేన్-సిలోక్సేన్ సీలరు వేశాం. ఇది లోపలికి ఇంకి నీటిని అడ్డుకుంటుంది, కానీ లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది. పైన పొర ఉండదు కాబట్టి పెచ్చులు లేచే ప్రశ్నే లేదు. మెరుపు మాత్రం రాదు, ఇంజను ఆయిల్ పడితే వెంటనే తుడవాలి. సిలికేట్ డెన్సిఫయరు కూడా కొందరు సూచిస్తారు. అది పైభాగాన్ని గట్టిపరిచి దుమ్ము లేవకుండా చేస్తుంది, అంతేగానీ నూనెను ఆపదు. పైన పల్చటి పొరలా నిలిచే అక్రిలిక్ సీలరు చవకే గానీ టైరు మరకలు పడతాయి, నా ఓటు దానికి లేదు.

ఏ సీలరైనా పోత బాగుంటేనే పని చేస్తుంది. పోశాక పైకి ఊరే నీళ్ళు ఆరకముందే తాపీ పెడితే, ఆ నీళ్ళు పైపొరలో కలిసి అది బలహీనపడుతుంది, తర్వాత దుమ్ము రాలుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు పీల్చడానికి పొడి సిమెంటు చల్లుతామంటే అస్సలు ఒప్పుకోకండి. తలుపు వైపు అడుగుకు పావు అంగుళం వాటం అడగండి. పగుళ్ళు ఎక్కడపడితే అక్కడ రాకుండా, 4 అంగుళాల మందానికి 8 నుంచి 10 అడుగులకొక జాయింటు, అంగుళం లోతున కోయించండి. నేల చెమ్మ పైకి రాకుండా కాంక్రీటు కింద ప్లాస్టిక్ షీటు పరిపించడం మర్చిపోవద్దు, ముఖ్యంగా ఎపాక్సీ ఆలోచన ఉంటే.

ఎపాక్సీకి కనీసం 28 రోజులు ఆగమనే ఎక్కువమంది తయారీదారులు చెబుతారు. ఆ తర్వాత కూడా 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గచ్చుకి అంటించి, 16 గంటల తర్వాత ఎత్తి చూడండి. లోపల చెమ్మ కనబడినా, గచ్చు నల్లబడినా ఇంకా ఆగాల్సిందే. మేం వేసిన రకానికైతే డబ్బా మీద రాసిన గడువు చూసుకుని, గచ్చు పొడిగా ఉన్న రోజు ఎంచుకోండి. మడుగులు కట్టకుండా రోలరుతో పరిచేయాలి. తర్వాత అప్పుడప్పుడు టైర్లు తిరిగే చోట నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి, ఇంకిపోతుంటే మళ్ళీ వేసే సమయం వచ్చినట్టే.