డాబా మీద ఆ ఒక్క రాత్రి

తమ్ముడూ,

నీ కథ ఐదో పేజీ దగ్గర ఆపేసి, మంచినీళ్లు తాగొచ్చి మళ్లీ చదివాను. ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించిన మనిషి, ఊదే కొనని, అదే మౌత్‌పీస్‌ని, పెదాలకి పట్టే తీరు తప్పని ఎవరో కుర్రాడు చెప్పగానే రాత్రికి రాత్రి డాబా మీద మార్చేసుకుని, తెల్లారి ఊరేగింపులో అదరగొట్టాడా? ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లు బ్యాండులో ఊదినవాణ్ణి మరి.

నాదీ అదే తప్పు. పై స్వరం అందకపోతే మౌత్‌పీస్‌ని పెదవికేసి అదిమేవాణ్ణి. అప్పటికి పలుకుతుంది, కానీ పెదవిలో రక్తం ఆడక వాచిపోయి, బారాత్ సగం దారిలో ఉండగానే ఉత్త గాలి వస్తుంది. నలభై మూడో ఏట మార్చుకుందామని కూర్చున్నాను. నోటి మూలలు బిగించాలి, మధ్యలో పెదవిని వదిలెయ్యాలి, బలం గాలిదే కావాలి. అంతే, చెప్పడానికి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఆ నెలంతా గడ్డం గీసుకునే అద్దం ముందు పొద్దున్నే ఒక్కో స్వరం సాగదీస్తుంటే దూడ అరిచినట్టు వచ్చేది, మా ఆవిడ వంటింటి తలుపేసుకునేది. పెదవి మీద పాత మచ్చకి గోరంత పైన కొత్త మచ్చ పడింది. సంతోషించాను. శ్రావణం వచ్చింది, అడ్వాన్సులు తీసుకున్నాం, మొదటి పెళ్లిలో రెండో పాటకే నోరు పాత చోటికి పోయింది. అలా మూడు ఆషాఢాలు.

అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు చెట్ బేకర్ పేరు వినుంటావు. 1966లో దెబ్బలు తిని పళ్లు పాడై, కట్టుడు పళ్లతో మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు, ఏళ్లు పట్టింది. నీవాడికి ఒక రాత్రి!

ఏ పత్రికకు పంపాలని అడిగావు. నా మొదటి కథలో ఆ ఆషాఢం గురించి మూడు పేజీలు రాస్తే, ఒక వారపత్రిక ఎడిటరు 'ఇక్కడేమీ జరగట్లేదు' అని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు. ఏమీ జరగకపోవడమేనయ్యా కథ! ఇప్పుడేమో అందరికీ ఒక్క పేజీలో అయిపోవాలి, చివర్లో మెరుపుండాలి. నీ ఊరేగింపూ ఆ మెరుపు కోసమే పెట్టావు, నాకు తెలుసు.

ట్రంపెట్‌లో చేరిన ఉమ్మినీళ్లు పందిరి గుంజ పక్కన వదిలే చోటు బాగుంది, ముట్టుకోకు.

నా పాత మౌత్‌పీస్ పార్సిల్ చేశాను. ఉత్త గాలి ఊదకు, పెదాలు అదరాలి. పది నిమిషాలు ఊది, వెంటనే టీ తాగు. గడ్డం మీద కారిన టీ తుడుచుకుని ఐదో పేజీ రాయి.