మెయిన్ రోడ్డు షట్టరా, గల్లీ షాపా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. నాయీ బ్రాహ్మణులం, కులవృత్తే. ఆరేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఏసీ సెలూన్‌లో పనిచేస్తున్నాను. నాలుగు లక్షలు కూడబెట్టాను. రామంతాపూర్ మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ చూశాను. అద్దె 28 వేలు, ఆరు నెలల అడ్వాన్స్ అడుగుతున్నారు. ముద్ర లోన్ తీసుకుని మూడు కుర్చీలతో సొంత షాపు పెడదామని ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: తమ్ముడూ, నేనైతే ఆ షట్టర్ వదిలేస్తాను. ఆరేళ్లు కత్తెర పట్టినవాడివి, నీ పని మీద నాకు అనుమానం లేదు. నా భయమంతా ఆ అద్దె గురించే.

2009లో నేనూ ఇలాగే రోడ్డు మీద అద్దాల షాపు పెట్టాను. ఫాల్స్ సీలింగ్, గోడ నిండా అద్దం, రంగురంగుల లైట్లు. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోగానే ఓనర్ అద్దె అమాంతం పెంచేశాడు. ఖాళీ చేసిన రోజు కుర్చీలు ట్రాలీ ఆటోలో ఎక్కించుకున్నాను గానీ, గోడకు అతికించిన అద్దం ఊడిరాలేదు. మేస్త్రీ ఉలి పెట్టగానే మూల నుంచి అడ్డంగా పగిలింది. అప్పు మాత్రం ఇంకో రెండేళ్లు కట్టాను. ఇప్పుడు నల్లకుంట గల్లీలో ఉన్న నా షాపులో అద్దాలన్నీ స్క్రూలతో బిగించినవే.

నీ లెక్క చూద్దాం. అడ్వాన్స్‌కే 1,68,000 పోతుంది. అద్దె, కరెంటు, బ్లేళ్లు, టవళ్ల ఉతుకు కలిపి నెలకు 35 వేలు అనుకో. తలకు సగటున 120 వస్తే, సగం పని చేసినవాడికి పోగా షాపుకు మిగిలేది 60. అంటే నెలకు 584 మంది కూర్చుంటే గానీ ఆ ఖర్చు తీరదు. మంగళవారాలు తీసేస్తే నెలకు 26 రోజులు, రోజుకు 22 మందికి పైనే. కొత్త షాపుకు మొదటి నెలలో అంతమంది రారు. అదే లోపలి గల్లీలో 11 వేల అద్దెకు దొరికి, మిగతా ఖర్చు 5 వేలు అయితే, రోజుకు పది పదకొండు మందితో గట్టెక్కుతావు. రెండు కుర్చీలు చాలు. ఒకటి నీది.

చోటు ఖాయం చేసే ముందు ఒక ఆదివారం పొద్దున, ఒక బుధవారం సాయంత్రం ఆ గల్లీలో ఉన్న పాత సెలూన్ ఎదురుగా కూర్చుని తలలు లెక్కపెట్టు. లోపల చోటు లేక ఎంతమంది వెనక్కి పోతున్నారో చూడు. వాళ్లే నీ కస్టమర్లు. అగ్రిమెంట్ కనీసం మూడేళ్లకు రాయించుకో. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చుకు వెనకాడకు.

లోన్ సంగతి. తొందరపడి ముద్ర తీసుకోకు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మనదీ ఉంది. ఆ ముద్ర అప్పు తీరకుండా ఉంటే ఇందులో అర్హత పోతుంది. విశ్వకర్మలో 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టాక రెండు లక్షలు, పనిముట్లకు 15 వేల వోచర్, శిక్షణలో రోజుకు 500 చొప్పున ఇస్తారు. ఇది సొంతంగా వృత్తి చేసుకునేవాళ్లకు, అదీ కుటుంబంలో ఒక్కరికే. అందుకే నీ డబ్బుతో చిన్నగా మొదలుపెట్టి, తర్వాత కామన్ సర్వీస్ సెంటర్‌లో నమోదు చేయించుకో. మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్, కార్మిక శాఖ దగ్గర షాపుకు చేయించే లేబర్ రిజిస్ట్రేషన్ మొదటి నెలలోనే తీసుకో. 2021 ఏప్రిల్ నుంచి మన సెలూన్లకు ఇస్తున్న 250 యూనిట్ల ఉచిత కరెంటుకు దరఖాస్తు చేసేటప్పుడు ఈ కాగితాలు పనికొస్తాయి. జీఎస్టీ గురించి ఇప్పుడే ఆలోచించకు, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే కదా.

ఇక ఒక్క విషయంలో మాత్రం అస్సలు తగ్గకు. కొత్త బ్లేడును కాగితంతోనే పట్టుకుని, కస్టమర్ కళ్లెదుటే మధ్యకు విరువు. టక్కుమన్న ఆ చప్పుడు ఆయనకు వినపడాలి. గడ్డం అయ్యాక ఆ సగాన్ని ఆయన చూస్తుండగానే డబ్బాలో వెయ్యి. హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ లాంటివి వాడిన బ్లేడుతో అంటుకోవచ్చు. ఒకే పటిక బిళ్ల అందరి మొహాలకూ రుద్దడం కూడా మానేయ్. నీళ్లలో కరిగించి స్ప్రే కొట్టు.

కార్తీకంలో మాత్రం ఓపెనింగ్ పెట్టుకోకు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజులు కుర్చీ ఎక్కరు, సంక్రాంతి దాకా గల్లా పల్చగానే ఉంటుంది.

చివరగా, నువ్వు అడగకపోయినా చెబుతున్నా. మీ సేటుకు నెల ముందే చెప్పి బయటికి రా. ఆయన రిజిస్టర్‌లోంచి కస్టమర్ల నంబర్లు రాసుకురాకు. నిన్ను అడిగి మరీ కూర్చునేవాళ్లు కొందరు ఉంటారు, అంబర్‌పేట దాటి వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.