పటం గీశారు సరే, ఆ ఊళ్లో ఎవరున్నారు?

ప్రశ్న: బీకామ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడేళ్లుగా ఒక ఫాంటసీ లోకం తయారుచేసుకుంటున్నాను. పటాలు, రాజవంశాలు, ఒక కొత్త లిపి, దేవతల పుట్టుకలు అన్నీ కలిపి నాలుగు నోటుబుక్కులు నిండాయి. కథ మాత్రం రెండో అధ్యాయం దాటడం లేదు. నవలగా రాయాలా, వెబ్ సిరీస్ స్క్రిప్టుగా రాయాలా అన్నది తేలడం లేదు. డిగ్రీ మానేసి స్క్రీన్‌ప్లే కోర్సులో చేరతానంటే నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఇంగ్లిష్ ఫాంటసీ రచయిత టోల్కీన్ కూడా ఏళ్ల తరబడి తన లోకాన్ని కట్టుకున్నాడని చెప్పినా వినలేదు. నేనేం చేయాలి?

జవాబు: డిగ్రీ మానేయకండి. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు మీ నోటుబుక్కుల సంగతి చూద్దాం.

టోల్కీన్ కుర్రతనం నుంచే భాషలు సృష్టించుకున్న మాట నిజమే. కానీ 1937లో అచ్చయిన ఆయన మొదటి నవల 'ది హాబిట్' సొంత పిల్లలకు చెప్పిన కథ. ఎదురుగా కూర్చుని 'తర్వాత ఏమైంది?' అని అడిగేవాళ్లు ఆయనకు ఉన్నారు. మీ నోటుబుక్కులకు ఆ ప్రశ్న ఇంకా ఎదురుకాలేదు. రాజవంశాల పట్టిక చూసి ఎవరూ 'తర్వాత?' అని అడగరు.

ఆయనే 1939లో ఉపన్యాసంగా ఇచ్చి, తర్వాత వ్యాసంగా అచ్చువేసిన ఒక రచనలో ఆకుపచ్చ సూర్యుడి ప్రస్తావన ఉంది. ఆకుపచ్చ సూర్యుడు అనడం ఎవరికైనా తేలికే, ఆ సూర్యుడు నమ్మేట్టు కనిపించే లోకాన్ని కట్టడానికే శ్రమ, నేర్పు కావాలన్నది ఆయన వాదన. నేను దానికి ఒక్క మాట చేరుస్తాను. ఆ ఎండ ఎవరో ఒక మనిషి వీపు మీద పడాలి. ఆ మనిషికి ఏదో కావాలి, దానికి ఆ ఎండ అడ్డు రావాలి. మీ రెండో అధ్యాయం ఆగిపోయింది ఇక్కడేనని నా అనుమానం. లోకం ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందులో ఎవరికి ఏం కావాలో ఇంకా తేలలేదు.

మాయ విషయంలోనూ అంతే. మాయకు వెల ఉండాలి, ఆ వెల కట్టేది మన ముఖ్యపాత్రే కావాలి. ఒక ఉదాహరణ చెప్తాను. చనిపోయినవాళ్ల గొంతు వినిపించగలిగే ఒక అమ్మాయి ఉందనుకోండి. వినిపించిన ప్రతిసారీ తన జ్ఞాపకాల్లో ఒకటి పోతుంది. ఏది పోతుందో ముందుగా తెలియదు. ఇప్పుడు ఒక ముసలాయన వచ్చి, భార్య గొంతు ఒక్కసారి వినిపించమని బతిమాలాడు. ఇక మీకు పటం అవసరం లేదు, కథ మొదలైపోయింది.

మీ నవలా స్క్రిప్టా అన్న సందేహానికి జవాబు కూడా ఈ సన్నివేశంలోనే దొరుకుతుంది. నవలలో ఆ అమ్మాయి తల్లి పేరు గుర్తుచేసుకోబోయి, ఆ చోట ఖాళీని తడుముకోవడం లోపలి నుంచి రాయవచ్చు. ఒక పేజీ అంతా ఆ తడుములాటే ఉన్నా పాఠకుడు వెంట వస్తాడు. తెరమీద మరచిపోవడం కనిపించదు. అందుకని ముందే ఒక పని చూపించి ఉంచాలి. రోజూ పొద్దున్నే గోడమీది బొమ్మను కొంగుతో తుడిచి బయటికి వెళ్లే అమ్మాయి, ఆ రోజు దాని పక్క నుంచే చూడకుండా వెళ్లిపోతుంది. ఒక్క మాట లేదు, కానీ చూసేవాళ్లకు గుండె కలుక్కుమంటుంది. ఇలాంటి పనులు, వస్తువులు మీకు చప్పున తడుతుంటే మీ చెయ్యి స్క్రిప్టు వైపు ఉన్నట్టు. లోపలి మాటలే ముందుకొస్తుంటే నవల వైపు. ఆ సన్నివేశాన్నే, లేదా మీ సొంతదాన్ని, రెండు రకాలుగానూ రాసి చూసుకోండి. ఏ కోర్సూ ఇంతకంటే త్వరగా తేల్చదు.

స్క్రిప్టుకు ఇంకో లెక్క ఉంది. మామూలుగా వాడే ఫార్మాట్‌లో ఒక పేజీ అంటే తెరమీద సుమారు ఒక నిమిషం. మీ రాజవంశాల చరిత్ర రెండు పేజీలుంటే, రెండు నిమిషాల పాటు ఎవరో నిలబడి పాఠం చెప్తున్నట్టే. ఖర్చు సంగతి సరేసరి. ఫాంటసీ నవలా రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1980లలో అమెరికన్ టీవీకి రాసేవారు. స్క్రిప్టులు పెద్దవిగా ఉన్నాయి, ఖర్చు ఎక్కువవుతుంది, తగ్గించమని టీవీవాళ్లు అనేవారని ఆయనే చెప్పుకున్నారు. 1996లో మొదలైన తన నవలల్లో ఆ పగ్గాలు లేకుండా రాశారు. 2011లో వాటినే 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' సిరీస్‌గా తీశారు. నవలలో లక్షమంది సైన్యానికి ఒక్క వాక్యం చాలు. స్క్రిప్టులో ఆ వాక్యం వెనక ఎంతోమంది పని, డబ్బు ఉంటాయి. పైగా సిరీస్ చాలాసార్లు బృందంగా రాస్తారు. మీరు ప్రాణం పెట్టి రాసిన సన్నివేశాన్ని తీసేయమంటే తీసేసి, మర్నాడు మళ్లీ ఉత్సాహంగా కూర్చోగలగాలి. ఇది అలవాటు చేసుకోదగ్గదే, కాకపోతే ముందే తెలిసి వెళ్లాలి.

ఇక డిగ్రీ. టోల్కీన్ తన పెద్ద నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'ను 1937 చివర్లో మొదలుపెట్టారు, అది 1954, 1955లలో మూడు భాగాలుగా వచ్చింది. అన్నేళ్లూ ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేస్తూనే ఉన్నారు. మీ నాన్నగారికి ఈ సగం కథ చెప్పి ఉండరు. రాతతో బతుకు వెళ్లదీయడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఆ ఏళ్లలో డబ్బు టెన్షన్ రాసే చేతిని బిగించేస్తుంది. అదీగాక, మీరు చదివే కామర్స్ మీ కథకు పనికొస్తుంది. మీ రాజు యుద్ధానికి డబ్బు ఎక్కణ్నుంచి తెచ్చాడు? పన్ను కట్టలేని రైతు ఏమయ్యాడు? చాలామంది ఫాంటసీ రచయితలు ఈ ప్రశ్నలను దాటేస్తారు. మీరు దాటేయనక్కర్లేదు.

కోర్సు చేయాలనిపిస్తే డిగ్రీ అయ్యాకో, సెలవుల్లోనో చేయండి. చేరేముందు రెండు విషయాలు అడగండి: నేర్పేవాళ్ల స్క్రిప్టులు నిజంగా తెరకెక్కాయా, మీరు రాసింది ఎన్నిసార్లు చదివి సరిదిద్దుతారు. రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే ఆ ఫీజు దాచుకోండి. ఆటలకు కథలు రాయడం, ఆడియో కథలు, కామిక్స్, డబ్బింగ్ మాటలు కూడా ఈ రంగంలో పనులే. వాటి గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఈ సెమిస్టర్‌లో మాత్రం ఒక్క పని చేయండి. మీ లోకంలోంచి ఒకే ఒక్క మనిషిని, ఒకే ఒక్క రోజును తీసుకుని పది పేజీల కథ రాసి ముగించండి. బాగుందా లేదా అన్నది పక్కన పెట్టి, ముగించండి. తర్వాత దాన్ని నాన్నగారికి చదివి వినిపించండి. ఆయన ఎక్కడ తలెత్తి చూశారో, ఎక్కడ దృష్టి మరల్చారో పేజీ పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ కాగితాలు నాకు పంపండి.