మీ అక్క ట్రీట్‌మెంట్ ఎందుకు మానేసిందంటే

ఒంగోల్లో ఉండే మీ అక్క 120 కిలోలని, మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గి ఉన్నట్టుండి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానేసిందని, పట్టుదల లేకేనా అని అడిగారు. కాదండీ. రెండుసార్లు మానేసి, మూడోసారి రెండేళ్లుగా వెళ్తున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మాది కావలి. అప్పట్లో నా బరువు 131, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ లెక్కలో 47. ఇంట్లో మిషన్ 120 దాటితే అంకె చూపించేది కాదు, అందుకని మా వీధి చివర బియ్యం కొట్లో జనం లేనప్పుడు బస్తాలు తూచే కాటా ఎక్కేవాణ్ణి. మొదట చూపించిన ఆస్పత్రిలో మిషన్ వరండాలో, పేషెంట్ల కుర్చీల ఎదురుగానే ఉండేది. ఎక్కగానే కాంపౌండరు లోపలున్న నర్సుకి వినపడేలా "నూట ముప్పై ఒకటీ" అని అరిచాడు, నేను చెప్పులు కూడా విప్పలేదు. నాలుగు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. అయిదో నెల సంక్రాంతి, పైగా ఇంట్లో పెళ్లి, రెండు పెరిగాను. ఆ రెండు కిలోలతో ఆ వరండాలోకి వెళ్లబుద్ధి కాలేదు. కాస్త తగ్గించుకుని వచ్చే వారం వెళ్దాం అనుకున్నా, ఆ వచ్చే వారం ఇక రానేలేదు.

రెండోసారి నెల్లూరులో డైట్ చార్ట్ ఇచ్చారు. ఓట్స్, ఆలివ్ ఆయిల్, అన్నం బంద్. మా జిల్లా వాడికి చేపల పులుసు తిను, అన్నం ముట్టుకోకు అంటే ఎన్నాళ్లు ఆగుతాడు? దానికి తోడు పోనూ రానూ బస్సు, రోజంతా షాపు మూత, లోపల మాట్లాడేది అయిదు నిమిషాలు, అందులో మూడు తిట్లే.

కొన్ని నెలలయ్యాక బరువు ఆగిపోవడం మామూలేనని కూడా ఎవరూ చెప్పలేదు. తగ్గేకొద్దీ ఒళ్లు శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, చాలని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది. అదే తిండి తిన్నా ముల్లు కదలదు. మా ఇంట్లోవాళ్లైతే నేను చాటుగా తింటున్నానని అనుమానపడ్డారు.

ఇప్పుడు చూసే డాక్టరమ్మ తలుపేసి తూస్తారు. మామూలు పట్టీ లావు చేతికి చాలక బీపీ ఎక్కువ చూపిస్తుందని పెద్ద పట్టీ కట్టారు, అంతకుముందు 160 చూపించింది కాస్తా 142 వచ్చింది. అన్నం మానక్కర్లేదు, రెండు గరిటెలు, ముందు కూర తిని తర్వాత అన్నం కలుపుకోమన్నారు. "తగ్గిన నెల రాకపోయినా పర్లేదు, పెరిగిన నెల మాత్రం తప్పకుండా రండి" అన్నారు. నన్ను నిలబెట్టింది ఆ మాటే.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు. నేను తీసుకోలేదు. పని చేస్తాయి, కానీ వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ అనే మందు మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. నెలనెలా ఖర్చు ఎన్నాళ్లు భరించగలరో ముందే లెక్కేసుకోండి.

మీ అక్క తగ్గిన ఆరు కిలోలు సరిగ్గా 5 శాతం. షుగరు, బీపీ మెరుగుపడటానికి ఆ మాత్రం చాలు. ఆ సంగతి ఆవిడకి ఎవరైనా చెప్పారా? మానేసిన నెలలో ఏమైనా పెరిగిందేమో మెల్లగా కనుక్కోండి, నలుగురిలో మాత్రం అడక్కండి.

నేను మొన్న శనివారం కాటా ఎక్కితే 113, కిందటి నెల కన్నా కిలో ఎక్కువ. మంగళవారం అపాయింట్‌మెంట్ ఉంది, వెళ్తున్నా.