గంట మోగించిన కుర్రాడి తరఫున

చిరంజీవికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు నిన్న రాత్రి రెండోసారి చదివాను. ఇంటర్ చదివే పిల్లలు, కాలేజీలో పాటల బృందం, వాళ్ల స్నేహాలూ అలకలూ అన్నీ ప్రాణంతో ఉన్నాయి. ఆరో భాగం దగ్గర మాత్రం ఆగిపోయాను. దేవుణ్ణి నమ్మని కుర్రాడు. ఐసీయూలో తల్లి. మిత్రులందరూ మొక్కుకోమంటారు, వాడు మొండికేస్తాడు. చివరికి అర్ధరాత్రి గుడి మెట్లెక్కి గంట మోగిస్తాడు, అక్కడ ఆసుపత్రిలో తల్లి కళ్లు తెరుస్తుంది. చదువుతున్నప్పుడు నా గొంతు పట్టేసిన మాట నిజం. కాని పేజీ మూశాక ఆ కుర్రాడికి అన్యాయం జరిగిందనిపించింది. వాడి తరఫున నీకీ ఉత్తరం రాస్తున్నాను.

నేను నాస్తికురాలిని కాను, నీకు తెలుసు. పొద్దున్నే దీపం పెట్టకుండా కాఫీ తాగను. అయినా ఆ సన్నివేశం నాకు నచ్చలేదు. నమ్మనివాణ్ణి ఓడించడానికి నువ్వు వాడి తల్లి ప్రాణాన్ని పణంగా పెట్టావు. ఆమె కళ్లు తెరవకపోతే వాడి గతి ఏమిటి? గంట మోగించడం ఆలస్యం చేసినందుకు జన్మంతా కుమిలిపోవాలా? నీ కథ ఆ కుర్రాడితో చెప్పకుండా చెబుతున్నది అదే.

నువ్వు ‘గ్లీ’ చూశావా? ఫాక్స్ చానల్లో 2009లో మొదలై 2015 దాకా నడిచిన అమెరికన్ హాస్య ధారావాహిక. ఒహాయో రాష్ట్రంలోని లైమా అనే ఊళ్లో ఒక ప్రభుత్వ హైస్కూలు, అందులో ఎవరికీ పట్టని పాటల బృందం, వాళ్లతో పాడించే ఒక మాస్టారు. నీ స్క్రిప్టుకీ దానికీ దూరపు చుట్టరికం ఉంది కనుకే అడుగుతున్నాను. మొత్తం చూడమనను, చాలాచోట్ల అది చేయి జారిపోయింది. రెండో సీజన్‌లో మూడో భాగం మాత్రం తప్పకుండా చూడు. 2010 అక్టోబరులో వచ్చింది. ధారావాహిక సృష్టికర్తల్లో ఒకరైన బ్రాడ్ ఫాల్చక్ రాశారు. జున్నుకీ జీసస్‌కీ ముడిపెట్టి ‘గ్రిల్డ్ చీజస్’ అని పేరు పెట్టారు. ఆ పేరు చూసి ఎగతాళి అనుకోకు. యవ్వనపు తొలి రోజుల్లో విశ్వాసమూ సందేహమూ ఎలా ఉంటాయో అంత దయగా చూపిన నలభై అయిదు నిమిషాలు నేను ఎక్కువగా చూడలేదు.

మొదట ఫిన్ సంగతి. ఫుట్‌బాల్ ఆడే కుర్రాడు, మంచివాడు, కొంచెం మందమతి. జున్ను పెట్టి రొట్టె కాల్చుకుంటే మాడిన చోట క్రీస్తు ముఖం కనిపిస్తుంది. సగం తిని, ముఖమున్న సగం దాచుకుని దానికి దండం పెడతాడు. మ్యాచ్ గెలవాలంటాడు, గెలుస్తారు. ప్రియురాలితో చనువు పెరగాలంటాడు, పెరుగుతుంది. జట్టులో తన పాత స్థానం తనకు కావాలంటాడు. అదీ దక్కుతుంది, కాని ఎలా? ఆ స్థానంలో ఆడుతున్న సామ్ భుజం దెబ్బతిని కింద పడతాడు, ఖాళీ ఏర్పడుతుంది.

ఈ మూడో కోరిక దగ్గర రచయిత చేసిన పని నీ నోట్‌బుక్‌లో రాసుకో. మొక్కు తీరింది, వెల ఇంకొకరు చెల్లించారు. కుర్రాడికి నిద్ర పట్టదు. తన కోరిక వల్లే స్నేహితుడు గాయపడ్డాడేమోనని సలహాదారు ఎమ్మా దగ్గరికి వెళ్తాడు. దేవుడు రొట్టె ముక్కలోంచి మాట్లాడి ఉండడని ఆమె మెల్లగా చెబుతుంది. నువ్వూ నేనూ అయితే అక్కడ వాడు తేలికపడ్డట్టు రాసేవాళ్లం. ఫిన్ కుంగిపోతాడు. పైన ఎవరో తనను చూసుకుంటున్నారనే ధైర్యం పోయింది, అందరం దిక్కులేకుండా తేలుతున్నామనిపిస్తుంది వాడికి. అమాయకపు నమ్మకం పోయినప్పుడు పిల్లలకు కలిగేది ఆ గుబులు. నాకు పద్నాలుగేళ్ల వయసులో ఇలాంటిదే జరిగింది. లెక్కల పరీక్షకు ముందు నూట ఎనిమిది ప్రదక్షిణలు చేశాను, తప్పాను. మార్కులు పోయినందుకు ఏడవలేదు. ప్రదక్షిణలు ఎవరూ లెక్కపెట్టలేదేమోనన్న అనుమానానికి ఏడ్చాను.

ఇక కర్ట్. నీ కుర్రాడికి అన్న వరస అవుతాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి బర్ట్ కార్లు బాగుచేసే మెకానిక్. కొడుకు స్వలింగ ప్రియుడని తెలిసి గుండెకు హత్తుకున్న మనిషి. ఆయన ఉన్నట్టుండి కుప్పకూలి కోమాలోకి వెళ్లిపోతాడు. క్లాసులో ఉన్న కర్ట్‌ను మాస్టారు బయటికి పిలిచి చెబుతాడు. ఆ వార్తకు ముందు ఒక చిన్న సన్నివేశం ఉంది. శుక్రవారం రాత్రి తండ్రీకొడుకులు కలిసి భోంచేయడం ఆ ఇంటి ఆచారం. ఆ శుక్రవారం తనకు వేరే పనుందని, సినిమా పాటలు అందరూ కలిసి పాడుకునే కార్యక్రమానికి వెళ్లాలని కర్ట్ అంటాడు. తండ్రి నొచ్చుకుంటాడు. మాట అక్కడ తెగిపోతుంది. ఆ తరవాత కర్ట్ తండ్రిని చూసేది ఆసుపత్రి మంచం మీదే.

మిత్రులు ప్రేమతోనే వస్తారు. మెర్సిడీస్ చర్చిలో పెరిగిన పిల్ల, దేవుడి వైపు చూడమని పాడుతుంది. రేచల్ యూదుల అమ్మాయి, తనకు తెలిసిన పద్ధతిలో వేడుకుంటుంది. కర్ట్ ఆసుపత్రికి వచ్చేసరికి వీళ్లందరూ తండ్రి మంచం చుట్టూ చేరి వంతులవారీగా ప్రార్థన చేస్తుంటారు. వాడు భగ్గుమంటాడు. అడగకుండా తన దుఃఖంలోకి వచ్చారని వాడి బాధ. దేవుడి మీద వాడికున్న ఫిర్యాదు కూడా పుస్తకాల్లోది కాదు: తనను ఇలా పుట్టించినది ఆయనే అయితే, అది నువ్వు ఎంచుకున్న పాపమని ఆయన భక్తులు తనను వెంటాడడమేమిటి? ఈ ప్రశ్నకు ఆ భాగంలో ఎవరూ జవాబు చెప్పరు. రచయిత కూడా ఒక పాత్ర నోట జవాబు పెట్టడానికి ప్రయత్నించలేదు. నీ కుర్రాడి నాస్తికత్వానికి నువ్వు రాసిన కారణం ‘సైన్సు పుస్తకాలు ఎక్కువ చదివాడు’ అని. అది కారణం కాదమ్మా, నెపం. వాడి గుండెలో ఎక్కడో గాయం ఉండాలి, లేదా వాడు నిజంగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చినవాడై ఉండాలి. మన దగ్గర అలాంటివాళ్లు లేరనుకోకు. వృక్షశాస్త్రం చెప్పిన గోరా నాస్తికుడైనందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. అది తరవాత విజయవాడకు మారింది. ఆ ఇళ్లలోనూ పిల్లలు పెరిగారు, తల్లులకు జబ్బులు చేశాయి, ఎవరూ గంట మోగించకుండానే తట్టుకున్నారు.

కర్ట్ తనకు తోచినది చేస్తాడు. సూదులు గుచ్చి వైద్యం చేసే సిక్కు మహిళను తండ్రి గదికి తీసుకొస్తాడు. రుజువు లేనిదే నమ్మనన్న పిల్లాడు కూడా ఆశకు ఏదో ఒక కొమ్మ పట్టుకుంటాడు. రచయిత వాణ్ణి నిలదీయడు, ఊరికే చూపిస్తాడు.

ఇప్పుడు నిన్ను కూర్చోబెట్టి చెప్పాల్సిన సన్నివేశం. పాటల గదిలో కర్ట్ నిలబడతాడు. పాడే ముందు నాలుగు మాటలు చెబుతాడు. అమ్మను మట్టిలోకి దించుతున్న రోజు ఏడుస్తూ నాన్న ముఖంలోకి చూశానని, ఆయన ఏదో ఒకటి అంటే బాగుండుననుకున్నానని, ఆయన ఏమీ అనలేదని, తన చేయి పట్టుకుని గట్టిగా నొక్కాడని. అప్పుడు పాడతాడు. ఎంచుకున్న పాట బీటిల్స్ అనే ఇంగ్లండు పాటల బృందానిది, 1963లో వచ్చింది, నీ చేయి పట్టుకోవాలని ఉందని ఒక కుర్రాడు అమ్మాయితో అనే హుషారు పాట. దాన్ని అతినెమ్మదిగా, పియానో మీద వాలి నిద్రపోతున్నంత నెమ్మదిగా నడిపారు. ఒక్క మాట మార్చలేదు. ప్రేమికుడి పాట కొడుకు పాట అయిపోయింది. నీ స్క్రిప్టులో దేవుడి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా భక్తిపాటే పెట్టావు. ఒకసారి ఆ భక్తిపాటలన్నీ తీసేసి చూడు. మన రేడియోల్లో దశాబ్దాలుగా మోగుతున్న మామూలు పాటల్లో, ప్రేమపాటల్లో, జోలపాటల్లో ఏ ఒక్కటి నీ కుర్రాడి నోట పెడితే అర్థం మారిపోతుందో వెతుకు. ఫిన్ నమ్మకం పోయినప్పుడు పాడేది కూడా అలాంటిదే. ఆ పాట పేరులో మతం పోగొట్టుకోవడం ఉంది కాని, అమెరికా దక్షిణాదిన ఆ పలుకుబడికి సహనం కోల్పోవడమని అర్థం.

ఒక చిక్కు కూడా గమనించు. మన బళ్లలో పొద్దున ప్రార్థన మామూలు కనుక అక్కడి గొడవ నీకు వింతగా తోచవచ్చు. ప్రభుత్వ పాఠశాలలు తామే ప్రార్థన తయారుచేసి పిల్లల చేత చెప్పించకూడదని 1962లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ హద్దును పట్టుకుని స్కూల్లో దేవుడి పాటలు ఆపించాలని చూసేది సూ సిల్వెస్టర్ అనే శిక్షకురాలు, కథలో పిల్లల పాలిట శత్రువు. ఆమె మూర్ఖంగా అడ్డుపడుతోందనుకుంటుండగా అసలు సంగతి బయటపడుతుంది. ఆమె అక్క జీన్‌కు డౌన్ సిండ్రోమ్, అంటే పుట్టుకతోనే వచ్చి బుద్ధి ఎదుగుదలను మందగించే స్థితి. అక్కను ఊరంతా వెక్కిరిస్తుంటే, బాగుచేయమని చిన్నప్పుడు రాత్రుళ్లు దేవుణ్ణి వేడుకుంది, ఏమీ మారలేదు. వినేవాడు లేడని తేల్చుకుంది. తరవాత ఆమే వెళ్లి అక్కను అడుగుతుంది, నువ్వు దేవుణ్ణి నమ్ముతావా అని. దేవుడు తప్పులు చేయడని తన నమ్మకమంటుంది జీన్. నీ కోసం ప్రార్థించనా అని చెల్లెల్ని అడుగుతుంది. చేస్తే సంతోషమంటుంది సూ. అంతే. సూ మారిపోదు. అక్క చేతిలోని ప్రేమను మాత్రం కాదనలేదు. జీన్‌గా నటించిన రాబిన్ ట్రాకీకి నిజంగానే డౌన్ సిండ్రోమ్, ఆమె ఆ మాట అంటున్నప్పుడు నేను కుర్చీలో కదలలేదు.

కర్ట్ కూడా ఒక మెట్టు దిగుతాడు. మెర్సిడీస్ పిలిస్తే ఆమె చర్చికి వెళ్తాడు. అక్కడ పాట లేస్తుంది, జనం లేస్తారు, వాడు కదిలిపోతాడు. మతం మాత్రం మారడు. చివరికి తండ్రి మంచం పక్కన కూర్చుని చేయి పట్టుకుంటాడు. మిత్రుల్ని ప్రార్థించనివ్వాల్సింది, అది నా కోసం కాదు నీ కోసం కదా అని ఒప్పుకుంటాడు. దేవుణ్ణి నమ్మను నాన్నా, నిన్ను నమ్ముతాను, మనిద్దరినీ నమ్ముతాను అంటాడు. తండ్రి వేళ్లు కదులుతాయి.

ఎందుకు కదిలాయి? చర్చిలో పాట వల్లా, మంచం చుట్టూ చేసిన ప్రార్థనల వల్లా, సూదుల వల్లా, డాక్టర్ల వల్లా, కొడుకు చేయి వల్లా? అన్నీ ముందే జరిగిపోయాయి, ఎవరికి కావలసినది వాళ్లు ఏరుకోవచ్చు. నీ కథలో గంటకూ కళ్లు తెరవడానికీ మధ్య ఒక్క ఊపిరి ఎడం కూడా లేదు. అక్కడ కుర్రాడికీ చోటు లేదు, ప్రేక్షకుడికీ చోటు లేదు.

ఈ ధారావాహిక నుంచి నేర్చుకోకూడనివీ ఉన్నాయి. మెర్సిడీస్ విశ్వాసం అంత అందంగా చూపించారు కాని, ఆ నల్లజాతి అమ్మాయి నమ్మకానికి ఆ భాగంలో పరీక్షే లేదు. స్నేహితుణ్ణి ఓదార్చడానికే ఆమె భక్తి. నీ స్క్రిప్టులో చర్చికి వెళ్లే దళిత అమ్మాయి ఉంది, ఆమెకూ ఇదే పని అప్పజెప్పావు. ఆమెకు సొంత సందేహం ఒకటి ఇవ్వు. మూడో సీజన్‌లో జో అనే భక్తిపరుడైన కొత్త కుర్రాడు వస్తాడు. ఒక అమ్మాయి తన ప్రియురాలి కోసం పాట పాడించమంటే తన మతం ఒప్పుకుంటుందా అని మథనపడతాడు. మంచి ప్రశ్న. 2012 ప్రేమికుల రోజున వచ్చిన ఆ ఒక్క భాగంలోనే తేల్చేశారు, వాడికి ఏ నష్టమూ జరగలేదు, అందుకే నా మనసులో నిలవలేదు.

మా అన్నయ్య ఆసుపత్రిలో ఉన్న రోజులు నీకు చెప్పానో లేదో. వరండాలో అత్తయ్య విభూతి పొట్లం పట్టుకుని కూర్చుంది. పక్కింటి ఆవిడ తలమీద చేయి పెట్టి ప్రభువును వేడుకుంది. మా బావగారు హేతువాది. ఆయన మూలన నిలబడి సెలైన్ చుక్కలు లెక్కపెడుతున్నారు. ఎవరో బంధువు, మీరు దండం పెట్టనందుకే ఇలా అయిందేమో అన్నారు. ఆయన జవాబు చెప్పలేదు, చెప్పులేసుకుని రక్తం ఇవ్వడానికి వెళ్లారు. అన్నయ్య బతికాడు. ఎవరి వల్లనో మా ఇంట్లో ఇప్పటికీ అడగము. కాని బావగారు ఆ మాట మరిచిపోలేదని ఆయన మా ఇంటికి రావడం తగ్గించినప్పుడు అర్థమైంది. నీ గంట సన్నివేశం చదివినప్పుడు నాకు ఆ చెప్పుల చప్పుడు వినిపించింది.

గుడిని తీసేయమని నేను అనడం లేదు. వాడు గుడికి వెళ్లవచ్చు. అమ్మ రోజూ కూర్చునే మెట్టు మీద కూర్చోవచ్చు, గంట వైపు చూసి ఊరుకోవచ్చు, మోగించనూ వచ్చు. దాని ఫలితం మాత్రం ఆసుపత్రిలో వెంటనే చూపించకు. వాడి స్నేహితులు వాడి కోసం దండం పెట్టుకుంటే పెట్టుకోనివ్వు, వాడు కోప్పడితే కోప్పడనివ్వు, ఆ కోపానికి వాళ్ల దగ్గర జవాబు లేకుండా ఉండనివ్వు.

అన్నిటికంటే ముందు నాకొక పేజీ రాసి పంపు. తల్లి పడిపోయిన రోజు పొద్దున ఆ కుర్రాడు ఇంట్లోంచి బయటికి వెళ్తూ ఆమెతో అన్న ఆఖరి మాట ఏమిటి? టిఫిన్ వద్దన్నాడా, విసుక్కున్నాడా, వినపడనట్టు తలుపు వేసుకుని వెళ్లిపోయాడా? నీ స్క్రిప్టు మొత్తంలో తల్లీకొడుకులు మాట్లాడుకున్న సన్నివేశం ఒక్కటీ లేదు. గుడి సంగతి తరవాత చూద్దాం. ఆ పొద్దుట సంగతి ఆదివారంలోగా పంపించు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ పిన్ని